పిచ్చి తుగ్లక్‌కి ఒక పేజీ: ముహావరాలకు విజ్ఞాన సర్వస్వంలో చోటుండాలా?



మొన్నామధ్య మా చిన్నోడు బడి నుంచి వచ్చి, భుజం మీది సంచి దించకుండానే అడిగాడు: "అబ్బా, తుగ్లక్ మనోడేనా? నిజంగానే పిచ్చోడా?"

ఆరా తీస్తే సంగతి తెలిసింది. క్లాసులో ఒక పిల్లాడు రాసిన పేజీ చింపేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడట. టీచరమ్మ "ఏంట్రా ఈ తుగ్లక్ పనులు?" అందట. ఆ మాట అన్నది ఆ పిల్లాణ్ణి. మిగతా పిల్లలంతా వెనక్కి తిరిగి చూసింది మావాణ్ణి. క్లాసులో ముసల్మాన్ వాడొక్కడే.

ఆ టీచరమ్మ మనసులో ఏ బురా ఇరాదా లేదని నాకు తెలుసు. ఆ మాట మనమూ వాడతాం. ఊళ్లో మునిసిపాలిటీ వాళ్లు వేసిన రోడ్డు వేసినట్టే తవ్వితే "తుగ్లక్ దర్బార్" అని నేనే ఎన్నిసార్లు అన్నానో. కానీ ఆ సాయంత్రం పిల్లాడికి జవాబు చెప్పాలని ఇంట్లో ఉన్న నిఘంటువులు తిరగేశాను. కొన్నింటిలో ఆ మాటే లేదు. ఉన్నచోట "అనాలోచితంగా పనిచేసేవాడు" అని అర్థం ఇచ్చి ఊరుకున్నారు. చరిత్ర పుస్తకాల్లో సుల్తాను ఉన్నాడు, ముహావరా లేదు. ఆ మనిషి ఈ మాటగా ఎప్పుడు మారాడో, ఎవరు మార్చారో చెప్పే పేజీ ఎక్కడా కనిపించలేదు.

అప్పటి నుంచి ఒక సవాల్ బుర్రలో తిరుగుతోంది. సామెతలకు, జాతీయాలకు, ముహావరాలకు నిఘంటువులో ఒక పంక్తి చాలా? విజ్ఞాన సర్వస్వంలో విడిగా ఒక్కోదానికి ఒక వ్యాసం ఉండాలా?

అన్నింటికీ అక్కర్లేదు

ముందు ఎదుటివాళ్ల వాదన విందాం, అందులో దమ్ముంది. నిఘంటువు పని మాటకు అర్థం చెప్పడం. విజ్ఞాన సర్వస్వం పని విషయం చెప్పడం. ప్రతి ముహావరాకీ ఒక వ్యాసం రాసుకుంటూ పోతే అది విజ్ఞాన సర్వస్వం కాదు, సంత అవుతుంది.

"చావు కబురు చల్లగా చెప్పాడు" అంటాం. ఇందులో "కబురు" మన "ఖబర్". అరబీ నుంచి ఫార్సీకి, ఫార్సీ నుంచి ఉర్దూకు, ఉర్దూ నుంచి తెలుగుకు వచ్చి, అచ్చ తెలుగు చావు పక్కన కూర్చుంది. "బేఖాతరు చేశాడు" అంటే ఖాతిర్ లేకుండా పోవడం. "హుకుం జారీ చేశాడు", "తాఖీదు పంపాడు", "రాజీ పడ్డాడు", "సలాం కొట్టాడు" అన్నీ ఇలాంటివే. ఇవన్నీ మన రెండు జబాన్లు ఎంతగా కలిసిపోయాయో చెప్పే మంచి గవాహీలే. అయినా వీటికి నిఘంటువులో అర్థం, పక్కన మాట ఎక్కడిదో ఒక ముక్క ఉంటే చాలు. అంతకు మించి చెప్పడానికి ఖిస్సా ఏమీ లేదు.

మా దాదీ మనవళ్లను ఒళ్లో వేసుకుని "అసల్ సే సూద్ ప్యారా" అనేది. గోడ అవతల సుబ్బమ్మత్త తన మనవరాలిని ఎత్తుకుని "అసలు కంటే వడ్డీ ముద్దు" అనేది. ఇద్దరిదీ ఒకే మాట. తెలుగు "అసలు" అరబీ "అస్ల్" నుంచి వచ్చిందే, మూలం, వేరు అని అర్థం. సూద్ హరామ్ అని ఐదు పూటలా నమాజు చదివే దాదీకి తెలియక కాదు, మనవళ్ల దగ్గర మాత్రం ఆ ఒక్క వడ్డీకి మాఫీ ఇచ్చేసింది! ఇది పక్కపక్క ఇళ్ల బతుకు. దీనికి ఒక పేరా రాయొచ్చు. వ్యాసం మాత్రం సాగదు.

మరి ఏది సాగుతుంది?

మన బుజుర్గులు ఎప్పుడో చేసిన పని

ముహావరాకు విడిగా చోటివ్వడం కొత్త ఆలోచనేమీ కాదు. అరబీ ఆలిములు పన్నెండు వందల ఏళ్ల నాడే ఈ పని మొదలుపెట్టారు. 838లో వఫాత్ అయిన అబూ ఉబైద్ అల్ ఖాసిం ఇబ్న్ సల్లామ్ హదీసు, ఫిఖ్ రంగాల్లో పెద్ద పేరు. ఆయన సామెతల మీద ప్రత్యేకంగా ఒక కితాబ్ రాశాడు. తర్వాత నైషాపూర్‌కు చెందిన అల్ మైదానీ (వఫాత్ 1124) "మజ్మఉల్ అమ్సాల్" కూర్చాడు. అందులో 4,700కు పైగా సామెతలు ఉన్నాయి. సామెత చెప్పి, అది ఎవరి నోటి నుంచి వచ్చిందో, ఏ సందర్భంలో పుట్టిందో తెలిసినంత మేరకు ఆ ఖిస్సా రాశాడు. సామెతల మట్టుకు అది విజ్ఞాన సర్వస్వమే.

ఖిస్సా ఎందుకు కావాలో ఒక మిసాల్ చూడండి. అరబీలో ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాణ్ణి "హునైన్ జోళ్లతో వచ్చాడు" అంటారు. జోళ్లు దొరికితే ఖాళీ చేతులు ఎలా అవుతాయి? హునైన్ హీరా పట్నంలో జోళ్లు కుట్టేవాడు. ఒక బదూ వచ్చి జోళ్లు బేరమాడి, ఆడి, చివరికి కొనకుండా పోయాడు. హునైన్‌కు ఒళ్లు మండింది. బదూ వెళ్లే దారిలో ఒక చోట ఒక జోడు, ఇంకొంచెం దూరంలో రెండోది పడేసి, చాటున కూర్చున్నాడు. బదూ మొదటిది చూసి "రెండోది కూడా ఉంటే తీసుకునేవాణ్ణి" అనుకుని వదిలేశాడు. రెండోది కనపడగానే ఒంటెను అక్కడే వదిలి మొదటిదాని కోసం వెనక్కి పరుగెత్తాడు. హునైన్ ఒంటెను సామానుతో సహా తోలుకుపోయాడు. సఫర్ నుంచి ఏం తెచ్చావని ఇంటివాళ్లు అడిగితే "హునైన్ జోళ్లు" అన్నాడట. ఒక్క పంక్తి అర్థం ఈ మాటకు న్యాయం చేయదు. ఖిస్సా లేకపోతే ముహావరా మూగదైపోతుంది.

మన దేశంలోనూ ఈ పని జరిగింది. కెప్టెన్ కార్ 1868లో "ఆంధ్ర లోకోక్తి చంద్రిక" పేరుతో మద్రాసులో తెలుగు సామెతలు అచ్చు వేయించాడు. ఫాలన్ పోగుచేసిన హిందూస్తానీ సామెతల నిఘంటువు ఆయన చనిపోయాక 1886లో వచ్చింది. ఫాలన్ దగ్గర నిఘంటువు పని నేర్చిన మౌల్వీ సయ్యద్ అహ్మద్ దెహ్లవీ నాలుగు సంపుటాల "ఫర్హంగె ఆసఫియా" తయారు చేశాడు. ఆ పేరులోని ఆసఫ్ మన హైదరాబాద్ ఆసఫ్‌జాహీలదే. ఆ దర్బార్ ఇమ్దాద్ ఇచ్చింది కాబట్టి ఆ పేరు పెట్టాడు. ఆయనే 1917లో "లుగాతున్నిసా" వేశాడు. అది ఆడవాళ్ల ముహావరాల నిఘంటువు. పర్దా వెనకాల వంటింట్లో, జనానాలో పలికే మాటలకు ఒక ఆలిం విడిగా కితాబ్ రాశాడంటే ఆ మాటలకు ఇజ్జత్ ఇచ్చాడన్నమాట.

ఒక్క విషయం చెప్పి ముందుకు పోతాను. అమీర్ మీనాయీ గొప్ప ఉర్దూ షాయర్. ఆయన మొదలుపెట్టిన "అమీరుల్లుగాత్" 1891, 1892లో రెండు సంపుటాలు అచ్చయింది, రెండూ అలిఫ్ అక్షరమే. 1900లో హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఇంతెఖాల్ అయ్యారు. మన తెలుగులో కొమర్రాజు లక్ష్మణరావు గారు "ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము" మొదలుపెట్టారు. మూడు సంపుటాలు వచ్చాయి, మూడూ "అ" అక్షరమే. 1923లో ఆయన వెళ్లిపోయారు. ఒకరు అలిఫ్ దగ్గర, ఇంకొకరు అ దగ్గర ఆగిపోయారు. ఉమర్ చిన్నది, పని పెద్దది. కాబట్టి ఏ మాటకు చోటివ్వాలి, దేనికి అక్కర్లేదు అన్న ఎంపిక తప్పదు.

దిల్లీ ఇంకా దూరమే

నా మట్టుకు కసౌటీ ఇది: మాట వెనక వెతకాల్సిన తారీఖ్ ఉందా? దాని మీద తకరార్ ఉందా? అది ఎవరి మీదైనా ఫైసలా చెబుతోందా? ఈ మూడింటిలో ఒకటున్నా విడి వ్యాసం రాయాలి.

"హనూజ్ దిల్లీ దూర్ అస్త్" తీసుకోండి. సుల్తాన్ గియాసుద్దీన్ తుగ్లక్ బెంగాల్ నుంచి తిరిగి వస్తూ, నేను దిల్లీ చేరేలోగా ఊరు వదిలిపొమ్మని హజ్రత్ నిజాముద్దీన్ ఔలియాకు హుకుం పంపాడని, ఆయన "దిల్లీ ఇంకా దూరమే" అన్నారని అందరూ చెబుతారు. 1325లో దిల్లీ పొలిమేరల్లో స్వాగతం కోసం కట్టిన చెక్క మంటపం కూలి సుల్తాను పోయిన మాట వాస్తవం. ఆ కొద్ది వారాలకే హజ్రత్ కూడా పర్దా చేశారు. కానీ ఆ మాట? జియావుద్దీన్ బర్నీ ఆ కాలపువాడు, పైగా హజ్రత్‌కు మురీదు. అలాంటి మాట అని ఉంటే రాయకుండా ఉంటాడా? ఆయన తారీఖ్‌లో అది కనపడదు. తర్వాతి కాలపు రాతల్లో దొరుకుతుంది.

మంటపం ఎలా కూలిందన్నది ఇంకో తకరార్. బర్నీ పిడుగు అన్నాడు. ఇబ్న్ బతూతా అది కావాలని కూలేలా కట్టిందే అన్నాడు, అనుమానం కొడుకు మీదికి పోయేలా రాశాడు. ఆ కొడుకే ముహమ్మద్ బిన్ తుగ్లక్. అంటే మన పిచ్చి తుగ్లక్.

గవాహులు ఎవరు?

ఇద్దరి మాటా వినకుండా ఫైసలా చెప్పకూడదన్నది ఖాజీకి మొదటి ఉసూల్. ముహమ్మద్ బిన్ తుగ్లక్ 1325 నుంచి 1351 దాకా ఏలాడు. ఆయన మీద ముఖ్యంగా ముగ్గురు గవాహులు ఉన్నారు.

మొదటివాడు బర్నీ. పదిహేడేళ్లకు పైగా సుల్తానుకు నదీమ్‌గా పక్కనే ఉన్నాడు. సుల్తాను పోయాక పదవి పోయి, పేదరికంలో, 1357 ప్రాంతంలో రాశాడు. రెండోవాడు ఇసామీ. తొంభై ఏళ్ల ఆయన తాతను దిల్లీ నుంచి బలవంతంగా దౌలతాబాద్ పంపితే దారిలోనే ప్రాణం పోయింది. ఆ గాయంతో రాశాడు. రాసింది కూడా 1350లో, తుగ్లక్ మీద తిరగబడి రాజ్యం పెట్టిన బహమనీ సుల్తాను నీడలో. మూడోవాడు ఇబ్న్ బతూతా. 1333లో సింధు నది చేరి, దిల్లీలో ఖాజీగా పనిచేశాడు. రాజధాని మార్పు జరిగినప్పుడు ఆయన దేశంలోనే లేడు, చెప్పుకోగా విన్నదే రాశాడు.

వీళ్ల గవాహీ అబద్ధం అని నేను అనను. ఎవరి గాయం ఎక్కడుందో తెలుసుకుని వినాలి అంటున్నాను.

రాజధాని మార్పు 1327 నాటిది. దేవగిరికి దౌలతాబాద్ అని పేరు పెట్టి రాజధాని చేశాడు. దిల్లీలో కుక్క, పిల్లి కూడా మిగల్లేదన్నట్టు రాశారు. కానీ 1327, 1328 నాటి సంస్కృత శాసనాలు దిల్లీ పరిసరాల్లోనే దొరికాయి. ఊరు బతికే ఉంది. 1938లో మహ్దీ హుసేన్ తన పరిశోధనలో వీటిని చూపించి, కదిలించింది ముఖ్యంగా అమీర్లను, ఉలెమాను, సూఫీలను, వాళ్ల పరివారాన్ని అని వాదించాడు. కారణం పిచ్చి కాదు. దక్కన్ చేజారకుండా దాని నడుమ ఒక పాలక వర్గాన్ని నిలపాలనుకున్నాడు. ఆలోచన అర్థమయ్యేదే, చేసిన తీరు జబర్దస్తీ.

నాణేల సంగతి. 1330 ప్రాంతంలో వెండి టంకాకు బదులు ఇత్తడి, రాగి నాణేలు వేసి, వెండి విలువకే చెల్లాలన్నాడు. చైనాలో అప్పటికే కాగితం డబ్బు నడుస్తోంది. ఇరాన్‌లో 1294లో ప్రయత్నించి విఫలమయ్యారు. ఈయన కూడా విఫలమయ్యాడు. ఎవరైనా ఇంట్లో పోత పోసుకోగలిగే నాణెం అది, నకిలీని ఆపే ఇంతెజాం లేదు. చివరికి నాణేలు వెనక్కి తీసుకుని ఖజానా నుంచి వెండి, బంగారం ఇచ్చాడు. తప్పు ఒప్పుకుని సొంత ఖజానాతో నష్టం కట్టిన పాలకుణ్ణి ఏమంటారో మీరే చెప్పండి. ఇవాళ మన జేబులో ఉన్న అయిదు వందల నోటులో అయిదు వందల విలువైన కాగితం లేదు. ఆ "పిచ్చి" ఆలోచన మీదే దునియా నడుస్తోంది.

ఇక జులుం. దీన్ని దాచకూడదు. దర్బార్ వాకిట్లో శవాలు పడి ఉండేవని ఇబ్న్ బతూతా రాశాడు. ఆలిములను, సూఫీలను కూడా వదల్లేదు. అదే ఇబ్న్ బతూతా ఇంకోటీ రాశాడు: తన అన్నను అన్యాయంగా చంపాడని ఒక హిందూ పెద్దమనిషి ఫిర్యాదు చేస్తే, సుల్తాను ఆయుధం లేకుండా నడిచి ఖాజీ ముందుకు వెళ్లి ముల్జిమ్‌గా నిలబడ్డాడు. తాను కొట్టిన ఒక కుర్రాడి చేతికి బెత్తం ఇచ్చి ఇరవై ఒక్క దెబ్బలు తిన్నాడు. జినప్రభ సూరి అనే జైన పండితుణ్ణి దర్బార్‌లో ఆదరించాడు. జాలిమ్ అనండి, జల్దీబాజ్ అనండి, ఒప్పుకుంటాను. పిచ్చోడు అనే మాట మాత్రం ఈ మనిషికి సరిపోదు.

మన తెలుగు నేలకు కూడా ఆయన మీద షికాయత్ ఉంది. 1323లో ఉలుగ్ ఖాన్ పేరుతో ఓరుగల్లును జయించింది ఈయనే. ప్రతాపరుద్రుడు బందీగా దిల్లీకి పోతూ దారిలోనే కన్నుమూశాడు. ఆ తర్వాతి కష్టాలను ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతుంది. ఆ దర్ద్ నిజం. మన వ్యాసంలో అదీ ఉండాలి. ఒకవైపు కాగితాలే పెడితే అది వకాల్తా అవుతుంది, తారీఖ్ కాదు.

"పిచ్చి" ఎప్పుడు అంటుకుంది?

ఇక్కడే ముహావరా వ్యాసం అవసరం తెలుస్తుంది. బర్నీ ఆయన్ని ఒకదానికొకటి పొసగని గుణాల కలగాపులగంగా చూసి హైరాన్ పడ్డాడు. ఇది మతిభ్రమణం కావచ్చన్న మాటను చరిత్ర పుస్తకంలోకి తెచ్చినవాడిగా ఎల్ఫిన్‌స్టన్‌ను చెబుతారు. ఒకప్పటి బొంబాయి గవర్నరు. ఆయన భారతదేశ చరిత్ర 1841లో వచ్చింది. ఆయన దారిలో మరికొందరు ఆంగ్ల చరిత్రకారులు నడిచారు. సుల్తాను పోయి అప్పటికి అయిదు వందల ఏళ్లు. అక్కడి నుంచి అది బడి పుస్తకాలకు, రంగస్థలానికి, పత్రికల రాజకీయ వ్యాఖ్యలకు పాకింది. 1964లో గిరీశ్ కర్నాడ్ కన్నడంలో "తుగ్లక్" రాసి కలలు కని ఓడిన మనిషిని చూపాడు. తమిళంలో చో రామస్వామి అదే పేరును రాజకీయ వ్యంగ్యానికి వాడి, 1970లో ఆ పేరుతో పత్రికే పెట్టాడు. ఇవాళ మనకు నచ్చని ప్రతి సర్కారీ హుకుం "తుగ్లక్ ఫర్మానా".

సుల్తాను గురించిన వ్యాసంలో ఈ కథ ఇమడదు. అది 1351తో ముగిసిపోతుంది. ముహావరా కథ అసలు మొదలయ్యేదే ఆ తర్వాత.

ఇంకో సంగతి మా పిల్లాడికి చెప్పినప్పుడు వాడు నోరు తెరిచాడు. దిల్లీ నుంచి దౌలతాబాద్ పోయిన ఆ ఖాఫిలాల్లో పసివాడిగా ఉన్నవారిలో ఒకరు తర్వాత గుల్బర్గాలో స్థిరపడిన ఖ్వాజా బందా నవాజ్. బుర్హానుద్దీన్ గరీబ్ వంటి బుజుర్గులు దక్కన్‌కు వచ్చి ఇక్కడి మట్టిలోనే కలిశారు. వాళ్లతో వచ్చిన దిల్లీ బోలీ మరాఠీ, కన్నడ, తెలుగు పక్కన పెరిగి దక్కనీ అయింది. అంతకు ముందు అలావుద్దీన్ ఫౌజులతో వచ్చినవాళ్ల వాటా కూడా అందులో ఉంది. అయినా మన ఇళ్లలో వినపడే "నక్కో", "హౌ", "కైకూ" వెనకున్న పెద్ద కారణాల్లో ఒకటి ఆ రాజధాని మార్పే. ఏ పనిని పిచ్చి అని నవ్వుతున్నామో, మా దాదీ లాలిపాట జబాన్‌లో దానికీ వాటా ఉంది.

మనం చేయాల్సింది

విజ్ఞాన సర్వస్వాలు రాసేవాళ్లు రాయాలి, నిజమే. తెలుగు వికీపీడియా ఇవాళ అందరికీ తెరిచి ఉంది, అది నిఘంటువు కాదన్న నియమం కూడా ఉంది. ఆధారాలతో, ఇరువైపుల మాటతో రాసిన ముహావరా వ్యాసం ఆ నియమానికి అడ్డం రాదు. మన ఇంట్లో చదువుకున్న పిల్లలు ఈ పని చేయగలరు.

దానికంటే ముందు ఒక నోటుబుక్కు తీసుకుని మీ నానీ దగ్గర, దాదీ దగ్గర కూర్చోండి. వాళ్లు పలికే ముహావరా అలాగే రాయండి. ఎవరి దగ్గర విన్నారో, ఏ సందర్భంలో వాడతారో అడిగి రాయండి. మా దాదీ పోయాక గుర్తు చేసుకుని రాద్దామని కూర్చుంటే నాకు పదకొండే వచ్చాయి. ఆమె రోజుకు అంతకంటే ఎక్కువ వాడేది.

చిన్నోడికి నేను చెప్పిన జవాబు ఇది: "బేటా, తుగ్లక్ మనోడా అంటే, రాజు ఏ మతం వాడైనా ఆయన చేసిన మంచికీ చెడుకీ ఆయనే జవాబుదారు. నువ్వు కాదు. పిచ్చోడా అంటే, కాదు. చాలా చదివినవాడు, చాలా తొందరపడ్డవాడు, చాలామందిని ఏడిపించినవాడు."

వాడు కాసేపు ఆలోచించి అడిగాడు: "మరి ఇది టీచరమ్మకు ఎవరు చెప్తారు?"

అందుకే ఈ పేజీ రాశాను.